పాత చైన్‌సా సిలిండర్: కడిగి వాడాలా, కొత్త కిట్ వేయాలా?

ఇంజన్ పట్టేసిన పాత చైన్‌సా అయినా, సిలిండర్ లోపలి క్రోమ్ లేదా నికాసిల్ (నికెల్ కలిసిన గట్టి పూత) పూత బాగుంటే దాన్నే నిలబెట్టుకోవాలి. పాత కంపెనీ పూత అంత తేలిగ్గా దొరకదు. గీతల్లా కనిపించేది చాలాసార్లు పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియమే. దూదిపుల్లతో మ్యూరియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) ఆ మచ్చ మీదే రాయండి, నురగొస్తుంది. తుడిచి మళ్లీ రాయండి. మచ్చ పోయాక నురగ ఆగాలి. ఆగలేదంటే పూత లేచిపోయి యాసిడ్ సిలిండర్ లోహాన్నే తింటోంది, వెంటనే ఆపేయండి. పోర్టుల (సిలిండర్ గోడలో గాలి, పొగ వెళ్లే రంధ్రాల) అంచులకు యాసిడ్ అస్సలు తగలనివ్వకండి. ఈ పని ఆరుబయటే, గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. చివర్లో వంటసోడా నీళ్లతో కడిగి, కొత్త పిస్టన్, రింగులు వేయండి.

పూత పోతే కిట్టే, అంటే కొత్త సిలిండర్, పిస్టన్ సెట్టే గతి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొనేటప్పుడు పాత పిస్టన్ వెంట తీసుకెళ్లి బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), పిస్టన్‌లో దూరే పిన్ను మందం, పిన్ను నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు కాలిపర్‌తో సరిచూడండి. చవక కిట్లలో పోర్టు అంచులు పదునుగా ఉండి రింగును విరగ్గొడతాయి. బిగించే ముందే సన్నటి ఎమెరీ కాగితంతో అంచు కొద్దిగా వాల్చాలి.

రెండింట్లో ఏదైనా, పిస్టన్ తల మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ (పొగ బయటికెళ్లే) వైపు ఉండాలి, పిన్ను క్లిప్పులు కొత్తవి వేయాలి. క్రాంక్ సీల్స్ (క్రాంక్ ఇరుసు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు) కూడా మార్చండి. పాతవి గాలి లాగితే పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడి కొత్త పిస్టనూ పట్టేస్తుంది.