‘బాగుంది’ అనే శ్రోత, కథ తిరిగి చెప్పే శ్రోత: ఏది మేలు?

మా పాడ్‌కాస్ట్ మొదటి భాగానికి వచ్చిన పది అభిప్రాయాలూ ఒకే మాటలో ఉన్నాయి: ‘బాగుంది’. ఒకరు దానికి రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా తగిలించారు. ఆ సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిని పండగ చేసుకున్నాం. పదకొండో అభిప్రాయం నెల తరవాత వచ్చింది. అదీ ‘బాగుంది’ అనే. అప్పుడు అనుమానం మొదలైంది.

ఆదివారం పూట బండ్ల మీద పాత చెరువులు, గుళ్లు, శాసనాలు వెతుక్కుంటూ తిరిగే తొమ్మిది మందిమి మేము. ఒకరిది బ్యాంకు ఉద్యోగం, ఒకరిది ఫొటో స్టూడియో, ఇద్దరు బడిపంతుళ్లు. చరిత్ర చదువుకున్నది మాత్రం ఒక్కరే. తిరిగొచ్చాక చూసినదాని గురించి మాట్లాడుకుని రికార్డు చేసి పెడతాం. పదిహేను రోజులకొక భాగం, అరగంట లోపు. రికార్డు చేసేది ఒకరి ఇంటి మేడ మీది గదిలో. గోడలకు కొత్తవాడ జంపఖానాలు వేలాడదీస్తే ప్రతిధ్వని సగం తగ్గింది, మిగతా సగం ఇప్పటికీ ఉంది. వినేవాళ్లు మంచి రోజున కూడా రెండు వందలు దాటరు. అందులో సగం మా చుట్టాలే.

చిక్కంతా అక్కడే. తెలిసినవాళ్ల తప్పు వాళ్లతో చెప్పాలంటే మనకు మొహమాటం. పెళ్లి భోజనంలో పప్పుకు ఉప్పు చాలలేదని పెళ్లివారి ముఖం మీద ఎవరంటారు? చేతులు కడుక్కునే చోట పక్కవాళ్లతో అంటారు. పాడ్‌కాస్ట్ చేసేవాళ్లకు కావలసింది ఆ చేతులు కడుక్కునే చోటి మాట. దాన్ని రాబట్టడానికి రెండేళ్లలో దొరికిన దారులన్నీ తొక్కాం. ఏది దేనికి పనికొచ్చిందో, ఏది మమ్మల్ని పక్కదారి పట్టించిందో రాస్తున్నాను. అన్నిటినీ ఒకే తక్కెడలో తూచడం లేదు, కొన్నిటికి రెండు వాక్యాలు చాలు.

యాప్‌లో మార్కుల్లా ఇచ్చే చుక్కలకు రెండు వాక్యాలే. అయిదుకు అయిదు ఇచ్చినవాళ్లందరూ మా పెళ్లిళ్లకు వచ్చినవాళ్లే. ఒక్క చుక్క ఇచ్చిన మహానుభావుడెవరో, ఎందుకిచ్చాడో ఈనాటికీ తెలియదు.

అంకెల సంగతి వేరు. అవి అబద్ధమాడవు, కానీ అడగనిది చెప్పవు. ‘డౌన్‌లోడ్’ అన్న మాటనే తీసుకోండి. ఈ రంగంలో అందరూ పాటించే లెక్క ప్రకారం ఒక నిమిషం వినడానికి సరిపడే భాగం దిగితే చాలు, ఒక డౌన్‌లోడ్ అయినట్టే. అదే ఫోను 24 గంటల్లో మళ్లీ మళ్లీ తీసుకున్నా ఒక్కటిగానే లెక్క. అంటే విన్నవాళ్ల సంఖ్య అది కాదు, తలుపు దాకా వచ్చినవాళ్ల సంఖ్య. కొందరి ఫోన్లలో యాప్ తనంతట తానే దింపుకుంటుంది. వాళ్లు తలుపు దాకా వచ్చిన సంగతి వాళ్లకే తెలియదు.

ఇంతకన్నా పనికొచ్చేది యూట్యూబ్, స్పాటిఫై చూపించే గీత. ఏ నిమిషం దాకా ఎంతమంది ఉన్నారో, ఎక్కడ లేచి వెళ్లిపోయారో అందులో కనిపిస్తుంది. వేయి స్తంభాల గుడి గురించి చేసిన భాగంలో ఆ గీత ఆరో నిమిషం దగ్గర మెట్టు దిగినట్టు పడిపోయింది. ఆ నిమిషంలో ఏముందని వెనక్కి వెళ్లి విన్నాం. గుడి ప్రాంగణంలోని శాసనం గురించి మాట్లాడుతున్నాం. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో వేయించింది, సంస్కృతంలో ఉంది, రచించినవాడు అచింతేంద్రుడు. ఇంకేం, శాసనమంటే జనానికి విసుగని తీర్పు చెప్పేసుకున్నాం. తరవాతి మూడు భాగాల్లో శాసనాల ఊసే లేకుండా కథలు మాత్రమే చెప్పాం. గీత మళ్లీ అక్కడే పడింది.

అసలు సంగతి చెప్పింది హైదరాబాద్ బస్సులో మమ్మల్ని వినే ఒక కుర్రాడు. శాసనం గురించి మాట్లాడేది మా బ్యాంకు మిత్రుడు. ఆయనది మెత్తని గొంతు, పైగా మైకుకు జానెడు వెనక్కి కూర్చుంటాడు. బస్సు మోతలో ఆ మాట వినబడక కుర్రాడు సౌండు పెంచుతాడు. సరిగ్గా అప్పుడే స్టూడియో మిత్రుడు పకపకా నవ్వుతాడు. “జనగామ చేరేలోపు రెండుసార్లు ఇయర్‌ఫోన్లు పీకేశాను సార్. మూడోసారి ఇక పెట్టుకోలేదు” అన్నాడు. శాసనం పాపమేమీ లేదు, పాపమంతా మా మైకులది. ఇప్పుడు గొంతులన్నిటినీ ముందు ఒక స్థాయికి తెచ్చి, ఆ తరవాతే మొత్తం శబ్దాన్ని మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలమానం) దగ్గరికి సరిచేస్తున్నాం. యాపిల్ పాడ్‌కాస్ట్‌ల కోసం చెప్పే కొలత అదే. గీత ఆరో నిమిషం దగ్గర కుదుటపడింది. ఎక్కడ నొప్పి ఉందో గీత చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. ఆ ‘ఎందుకు’ను మేం ఊహించుకుని మూడు భాగాలు పాడు చేసుకున్నాం.

పేరు రాయనక్కరలేని ప్రశ్నపత్రం మొహమాటానికి మందు అనుకున్నాం. ఏడు ప్రశ్నలు పెట్టి లింకు పంపాం. నిడివి ఎలా ఉంది, గొంతులు ఎలా ఉన్నాయి, ఏ విషయాలు కావాలి... జవాబులు పద్నాలుగు వచ్చాయి. నిడివి సరిపోయింది, గొంతులు స్పష్టంగా ఉన్నాయి, అన్ని విషయాలూ కావాలి. ‘బాగుంది’నే ఏడు ముక్కలు చేసి పంపినట్టుంది. అయితే చివర వదిలిన ఖాళీ గడిలో ఒకరు ఇలా రాశారు: “మీలో మీరు నవ్వుకునేది మాకెందుకు?” ఆ ఒక్క వాక్యానికి మిగిలిన పదమూడు కాగితాలూ సాటిరావు. మా తొమ్మిది మందికి మాత్రమే అర్థమయ్యే పాత ప్రయాణాల ఛలోక్తులు ప్రతి భాగంలో నాలుగైదు నిమిషాలు తినేస్తున్నాయని అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. కానీ పేరు లేకపోవడంలోని ఇబ్బందీ అక్కడే తెలిసింది. ఏ నవ్వు, ఎవరి నవ్వు అని తిరిగి అడగడానికి మనిషి లేడు. వారం రోజులు మాలో మేమే ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాం. స్టూడియో మిత్రుడు రెండు భాగాలు నవ్వడమే మానేశాడు. అది ఇంకా ఘోరంగా ఉంది, బతిమాలి మళ్లీ నవ్వించాం.

గొంతుతో వచ్చే సందేశాలు దీనికి పూర్తిగా ఎదురు. వాట్సాప్‌లో పేరు, ఫొటో, పంపిన వేళ అన్నీ కనిపిస్తాయి కనుక మొహమాటం నిండుగా ఉంటుంది. అయినా ప్రశ్నపత్రం కన్నా వీటికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఎందుకంటే మొహమాటం అక్షరాల్లో దాక్కున్నంత సులువుగా గొంతులో దాక్కోలేదు. మాకు ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగు పండితుడు శ్రోతగా దొరికారు. కొత్త భాగం వచ్చిన మర్నాడు తెల్లవారి అయిదున్నరకల్లా ఆయన సందేశం వచ్చి ఉంటుంది, ఆరేడు నిమిషాలకు తక్కువ కాకుండా. మొదటి నిమిషమంతా పొగడ్త. తరవాత గొంతు సవరించుకుంటారు. ఆ సవరింపు దగ్గర నుంచి కాగితం, కలం పట్టుకుని వినాలి. “శాసనాన్ని సాసనం అంటున్నారు నాయనా. ఎండలో కూర్చుని రాతి మీద అంత శ్రద్ధగా శకారం చెక్కినవాడు ఏమనుకుంటాడు?” అన్నారొకసారి. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఇంకోసారి ఒక చోట ఏమీ అనకుండా ‘ఊఁ’ అని ఆగి వేరే మాటలోకి వెళ్లిపోయారు. ఆ ‘ఊఁ’ ఎందుకో ఫోను చేసి అడిగితే, పద్మాక్షి గుట్ట మీది జైన బసది, అంటే జైనుల గుడి గురించి మేం హడావిడిగా దాటేశామని చెప్పారు. కాకతి రెండవ ప్రోలరాజు కాలంలో, 1117 నాటి శాసనం ఉన్న చోటు అది. అర నిమిషంలో ముగించాం, నిజమే. ప్రశ్నపత్రంలో ‘ఊఁ’ అనడానికి గడి ఉండదు.

ఇందులో లోపం లేదా అంటే ఉంది. సందేశం పంపేవాళ్లు ఎప్పుడూ ఆ అయిదారుగురే. తీరిక ఉండి, మాట మీద ధైర్యం ఉన్నవాళ్లు. ఇంటి పనుల మధ్య వినే ఆడవాళ్లు, పిల్లలు దాదాపు పంపరు. ఆ అయిదారుగురిని మెప్పించడానికే చేస్తూ పోతే పాడ్‌కాస్ట్ పండితసభ అవుతుంది, కొంతకాలం అయింది కూడా. ఒక మాట: సందేశం పెద్దదని రెండింతల వేగంతో వినకండి. గొంతు సవరించుకోవడం ఆ వేగంలో వినిపించదు.

పోస్టుకార్డు ముచ్చటా చెప్పాలి. ఆకాశవాణికి జాబులు రాసి పెరిగిన ఒక పెద్దాయన మాకు కార్డులు రాస్తారు. కార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. చోటు తక్కువ కనుక చెప్పాల్సింది మాత్రమే ఉంటుంది. ఏడాదికి మూడు వస్తే గొప్ప, ఇక దాన్ని మార్గమని ఎలా అనను? కానీ అన్నీ దాచుకున్నాం.

చివరిది అనుకోకుండా దొరికింది. మా మేనత్త ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ మా పాడ్‌కాస్ట్ వింటుంది. రామప్ప గుడి గురించిన భాగం వచ్చిన వారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఎలా ఉంది అత్తమ్మా అంటే, “బాగుంది బిడ్డా” అంది. ఎప్పటిలాగే అనుకున్నాను. ఇంతలో మనవడు వచ్చి “ఏం వింటున్నావు నానమ్మా, నాకూ చెప్పు” అని పక్కన కూర్చున్నాడు. ఆమె తొడిమలు తీస్తూనే మొదలుపెట్టింది. నీళ్లలో తేలే ఇటుకల గురించి చెప్పింది, గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిందని చెప్పింది. ఆ తరవాత, “ఈ గుడి రుద్రమదేవి కట్టించిందిరా. వేయి స్తంభాల గుడి కూడా ఆమెదే. ఆడదైనా అన్ని గుళ్లు కట్టించింది చూడు” అంది.

నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. రామప్ప కట్టించింది రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడి సేనాని, 1213లో. వేయి స్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు అంతకు అర్ధశతాబ్దం ముందటివాడు. గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి పాలనకు వచ్చింది 1262 ప్రాంతంలో. ఆమె మనవడు ప్రతాపరుద్రుడితో 1323లో కాకతీయ రాజ్యం ముగిసింది. మాకు నలుగురు వేర్వేరు మనుషులు. వినేవాళ్లకు ఒకే చప్పుడు: రుద్ర, రుద్ర, రుద్ర, రుద్ర. నలుగురిలో వాళ్లకు ముందే తెలిసిన పేరు రుద్రమది. కాబట్టి అన్ని గుళ్లూ ఆమె ఖాతాలోకే వెళ్లిపోయాయి. అనుమానం తీరక ఇంకో ముగ్గురిని అడిగాను. ఇద్దరు అదే కథ చెప్పారు.

మేం పట్టుకున్న మిగతా దారుల్లో దేనికీ ఇది దొరకలేదు. దొరికే అవకాశమూ లేదు. తప్పుగా అర్థమైందని వినేవాళ్లకు తెలిస్తే కదా, ప్రశ్నపత్రంలో రాయడానికి! అత్తమ్మ చివరిదాకా విన్నది, గీతలో ఆమె ఎక్కడా పడిపోలేదు. ఆమె చెప్పిన ‘బాగుంది’ నిజమైన బాగుంది. తప్పు మాత్రం మాది.

అప్పటి నుంచి ప్రతి భాగం వచ్చిన మర్నాడు ముగ్గురిని తిరిగి చెప్పమంటున్నాం. మాకు కాదు, వినని ఇంకొకరికి. పక్కన కూర్చుని వింటాం, మధ్యలో సరిదిద్దం. నాలుక చివర ఉన్న తేదీని మింగుకోవడం ఎంత కష్టమో చేస్తే తెలుస్తుంది. ఎదురుగా మనిషి ఉన్నా మొహమాటం ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే అడిగేది మా గురించి కాదు. మేం ఎలా ఉన్నామని కాక కథ ఏమిటని అడుగుతున్నాం.

కష్టాలూ ఉన్నాయి. పరీక్ష పెడుతున్నారని అనుకునేవాళ్లుంటారు. మా బ్యాంకు మిత్రుడి బావగారు “పాఠం ఒప్పజెప్పమంటావా?” అని కోపం తెచ్చుకుని వినడమే మానేశారు. ఆయన్ని అలా ముఖాముఖి అడగకుండా, పక్కన ఒక పిల్లవాణ్ని కూర్చోబెట్టి ఉండాల్సింది. ఒకే మనిషిని నెలలో రెండోసారి అడిగితే ముందే గుర్తుపెట్టుకుని వింటారు, అప్పుడది మామూలు వినడం కాదు. మైకు తప్పులు దీనికి దొరకవు. పాటలకో హాస్యానికో నడిపే పాడ్‌కాస్ట్ అయితే అసలు పనికిరాదు, జోకు తిరిగి చెప్పలేకపోవడం వినేవాళ్ల తప్పూ కాదు, చెప్పినవాళ్ల తప్పూ కాదు.

అందుకని, మాలాగా వందల్లో శ్రోతలుండి ఏదో ఒక విషయం చెప్పడానికి నడిపే పాడ్‌కాస్ట్ అయితే నా ఓటు తిరిగి చెప్పించడానికే. దాని తరవాత గొంతు సందేశాలు. గీతను చూడండి, కానీ అది చూపిన నిమిషం గురించి ఒక్క మనిషినైనా అడగకుండా ఏదీ మార్చకండి. ప్రశ్నపత్రం ఏడాదికొకసారి చాలు. ఏడు ప్రశ్నలు తీసేసి ఖాళీ గడి ఒక్కటే ఉంచండి. చుక్కల జోలికి పోకండి. శ్రోతలు వేలల్లోకి వెళితే ముగ్గురు చెప్పిన కథ చాలదు, అప్పుడు గీతే ముందుకొస్తుంది. మాకింకా ఆ బెంగ లేదు.

ఇప్పుడు ఒక భాగంలో ఒకే రుద్రుడికి చోటు. రెండో రుద్రుడు రావాల్సి వస్తే పేరుతో పాటు వరస కూడా చెబుతున్నాం: గణపతి సేనాని, గణపతి కూతురు, ఆ కూతురి మనవడు. పోయిన నెల బయ్యారం చెరువు మీద చేశాం. మర్నాడు అత్తమ్మ మనవణ్ని పిలిచి కూర్చోబెట్టుకుంది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. “గణపతిదేవుడి తోడబుట్టింది మైలాంబ. ఆమె చెరువు తవ్వించి, తన పుట్టింటి వంశమంతా రాతి మీద రాయించింది” అని తడుముకోకుండా చెప్పింది. “చెరువుకు ఏదో మంచి పేరు పెట్టింది. అది మాత్రం యాదికి వస్తలేదు” అంది.

ధర్మకీర్తి సముద్రం. మొత్తం భాగంలో ఆ పేరు మేం ఒక్కసారే పలికాం, అదీ మెత్తని గొంతు మిత్రుడి చేత.