ఐరన్ మ్యాన్ కవచానికి కొన్న ఫోమ్ షీట్లు

కామిక్స్ అభిమానుల వేడుక కామిక్ కాన్‌కి ఐరన్ మ్యాన్ వేషం వేస్తానని మా తమ్ముడు పట్టుబడితే ఆన్‌లైన్‌లో ఈవీఏ ఫోమ్ (మెత్తటి రబ్బరులాంటి షీట్లు) తెప్పించాను. 10 మిల్లీమీటర్లని రాసి ఉంది, స్కేలు పెడితే 8 దాటలేదు. అయినా ఛాతీ కవచానికి సరిపోయింది. హీట్ గన్ వేడి తగలగానే పైపొర నున్నగా మెరిసింది. వెంటనే అమ్మ ఇత్తడి బిందెకి చుట్టి అదిమి పట్టుకుంటే వంపు అలాగే నిలిచిపోయింది. (బిందె సంగతి అమ్మకి చెప్పలేదు.) అతుకులకి చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు జిగురే మేలు: రెండు వైపులా పూసి, 10 నిమిషాలు ఆరనిచ్చి అంటించాలి. తొందరపడితే ఊడొస్తుంది. కట్టర్ బ్లేడ్లు మాత్రం నాలుగు మార్చాను, ఈ ఫోమ్ పదును తినేస్తుంది. మోచేతి ముక్కకి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేయకుండా ఎర్ర స్ప్రే కొట్టాను, వంచగానే పగుళ్లు. అది నా తప్పే. మందం తక్కువైనందుకు ఒక స్టార్ కోసి నాలుగు ఇస్తున్నా.