జరిగిందంతా చెప్పమని అడగదు, అందుకే నచ్చింది

యుద్ధం నుంచి బయటపడ్డ ఆడవాళ్లకు మానసిక సాయం అనగానే నాకు గుర్తొచ్చే సీన్ ఒకటే, ఒక గది, ఒక కౌన్సెలర్, ఎదురుగా ఏడుస్తూ జరిగిందంతా చెప్పుకునే మనిషి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన, ఒత్తిడిని తట్టుకోవడం గుంపుగా నేర్పే సెల్ఫ్ హెల్ప్ ప్లస్ అనే కోర్సు గురించి విన్నప్పుడు, ఆడియో వినిపించి బొమ్మల పుస్తకం చేతిలో పెడితే సరిపోతుందా అనిపించింది. తర్వాత మెల్లగా అర్థమైంది.

మొత్తం 5 సెషన్లు, ఒక్కోటి రెండు గంటలు, ఒక్కో గుంపులో 30 మంది దాకా. నడిపించేవాళ్లు సైకాలజిస్టులు కానక్కర్లేదు, కొద్దిపాటి ట్రైనింగ్ తీసుకున్న మామూలు మనుషులు చాలు, పాఠమంతా రికార్డింగే చెప్తుంది. అత్యాచారానికి గురైన ఆవిడ ఆ గుంపులో కూర్చున్నా తనకేం జరిగిందో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. పక్కనున్నావిడ తమ బంధువులకు చెప్తుందేమో అన్న భయంతో బతికేవాళ్లకు ఇదెంత పెద్ద ఊరటో ఆలోచించండి.

పుస్తకం, ఆడియో నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి కాబట్టి నేనూ రెండు వారాలు వాడి చూశా. నాకు యుద్ధం తెలీదు, అది ముందే చెప్తున్నా. రాత్రిపూట యుద్ధం వార్తలు చూసి నిద్రపట్టని టెన్షన్ వరకే నా అనుభవం. మొదటి పాఠం గ్రౌండింగ్: లోపల ఏం గోల నడుస్తోందో గమనించు, ఊపిరంతా వదిలేసి మెల్లగా తీసుకో, పాదాలు నేలకు గట్టిగా నొక్కు, ఇప్పుడు చుట్టూ ఏం కనిపిస్తోందో ఏం వినిపిస్తోందో చూడు. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. మూడో రాత్రి చల్లటి గచ్చు మీద అరికాళ్లు నొక్కి ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంటే భయం పోలేదు గానీ, నేను దాంతోపాటు కొట్టుకుపోలేదు. మనసులో రేగే తుఫానును గ్రౌండింగ్ ఆపదని ఆ పుస్తకమూ చెప్తుంది. బాధకు లోపల కాస్త చోటివ్వమనే పాఠం మాత్రం నాకు ఇంకా ఎక్కలేదు.

పనిచేస్తుందా అంటే, ఉత్తర యుగాండాలోని రైనో క్యాంప్‌లో దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన 694 మంది శరణార్థి మహిళలతో పరీక్షించి చూశారు, ఆడియో వాళ్లకు తెలిసిన జుబా అరబిక్‌లోనే. ఫలితాలు 2020లో వచ్చాయి. మానసిక బాధ తగ్గింది, అయితే సెషన్లు అయిన వెంటనే కనిపించినంత తేడా మూడు నెలల తర్వాత లేదు, కొంతే మిగిలింది. నా దృష్టిలో అంత చవకైన పనికి ఆ కొంతా తక్కువేం కాదు.

ఇది పెద్దవాళ్ల కోసం చేసింది, పిల్లలకు కాదు. పక్క తడిపేసే పిల్లాడికి, అమ్మ కొంగు వదలని పాపకు, ఆటలో మళ్లీ మళ్లీ అదే బాంబు పేల్చేవాడికి ఆడియో ఏం చేస్తుంది? 10 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఇదే సంస్థ యూనిసెఫ్‌తో కలిసి ఈజ్ అని వేరేది తెచ్చింది, పిల్లలకు 7 సెషన్లు, వాళ్లను పెంచేవాళ్లకు 3. పెద్దవాళ్లనూ కూర్చోబెట్టడం మంచి ఆలోచన, ఇంట్లో తల్లి వణుకుతుంటే పిల్లకు ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? ఇంకా చిన్నపిల్లలకైతే ఆట, బడి, రోజూ ఒకే వేళకు అన్నం, పడక, వీటి తర్వాతే ఏదైనా.

ఇంకొకటి, అత్యాచారం జరిగితే హెచ్ఐవి రాకుండా మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఆ గడియారం తిరుగుతుంటే బొమ్మల పుస్తకం ఇవ్వడం అన్యాయం. కాంగోలో డాక్టర్ డెనిస్ ముక్వెగె పెట్టిన పాంజీ ఆస్పత్రిలో వైద్యం, మానసిక సాయం, లాయరు, బతుకుతెరువు నాలుగూ ఒక్కచోటే దొరుకుతాయి, ఆ పని ఆడియోతో అయ్యేది కాదు.

డాక్టరు కోసం నెలల తరబడి ఎదురుచూసే చోట చేతిలో ఉండాల్సిన వస్తువుగా అయితే 4 స్టార్లు. దీన్ని పంచేసి చికిత్స అయిపోయింది అని లెక్క రాసుకునేవాళ్లకైతే 1.