ఫామ్‌స్టేనా, అద్దె ఇల్లా? చిన్నపిల్లలతో పల్లె సెలవు

పిల్లలతో రెండు మూడు రోజులు పల్లెకు వెళ్దామనుకోగానే వచ్చే ప్రశ్న ఇది: రైతు కుటుంబం నడిపే ఫామ్‌స్టేలో దిగాలా, విడిగా ఇల్లు అద్దెకు తీసుకోవాలా?

ఖర్చు: ఫామ్‌స్టేలో తరచూ తలకింత లెక్క, భోజనంతో కలిపి. అద్దె ఇంటికి రోజుకింత. రెండు కుటుంబాలు కలిస్తే చవక.

శ్రమ: ఫామ్‌స్టేలో వంట బాధ లేదు, కానీ వాళ్లు వడ్డించే వేళకే తినాలి. అద్దె ఇంట్లో వంట, గిన్నెలు మీవే. అయితే నిద్రపోతున్న రెండేళ్ల పిల్లను భోజనానికి లేపక్కర్లేదు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. మధ్యాహ్నం నిద్ర చెడితే సాయంత్రమంతా ఏడుపే.

రిస్క్: ఇక్కడ తొందరపడొద్దు. దూడను నిమిరిన చెయ్యి నేరుగా నోట్లోకి పోతుంది. పశువుల నుంచి వచ్చే ఈ-కోలై అనే బ్యాక్టీరియా ఐదేళ్లలోపు పిల్లలకు ప్రమాదకరం. శానిటైజర్ చాలదు, సబ్బుతో కడగాలి. అద్దె ఇంటి దగ్గర బావి, కుంట, ఈతకొలను ఉంటే బుక్ చేయకముందే కంచె ఫోటో అడగండి. పసిపిల్లలు జానెడు నీళ్లలోనూ మునిగిపోగలరు, అదీ చప్పుడు లేకుండా. ఆసుపత్రి ఎంత దూరమో, ఫోన్ సిగ్నల్ అందుతుందో రెండుచోట్లా కనుక్కోవాలి.

గుడ్లు ఏరడానికి, మేకకు ఆకు పెట్టడానికి ఉబలాటపడే ఐదారేళ్ల పిల్లలుంటే ఫామ్‌స్టే. పాకే బిడ్డ, ఆహార అలర్జీ ఉంటే అద్దె ఇల్లు. వెంట గర్భిణి ఉంటే, గొర్రెలు, మేకలు ఈనే కాలంలో ఫామ్‌స్టే వద్దే వద్దు.