జామ్‌నగర్ మెరైన్ నేషనల్ పార్కుకు ప్రైవేటు టూరు: డబ్బు కట్టే ముందు ఆటు వేళ అడగండి

ద్వారక, సోమనాథ్ యాత్రకు వెళ్లే హైదరాబాద్ కుటుంబాలకు, మధ్యలో జామ్‌నగర్ దగ్గర ఒక్కరోజు సముద్ర జాతీయ ఉద్యానాన్ని ప్రత్యేక వాహనంలో, సొంత గైడుతో చూపిస్తామని చెప్పి నగరంలోని ఒక ట్రావెల్స్ వారు ప్యాకేజీ అమ్ముతున్నారు. వాహనం, గైడు, మధ్యాహ్న భోజనం కలిపి మా కుటుంబం దగ్గర 11,000 రూపాయలు ముందుగానే కట్టించుకున్నారు. చూపిస్తామన్న పగడపు దిబ్బను మాత్రం చూపించలేదు. ఇదే ప్యాకేజీ తీసుకునే ఆలోచనలో ఉన్నవారు నష్టపోకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

కచ్ సింధుశాఖ దక్షిణ తీరం వెంబడి ఉన్న ఈ ఉద్యానాన్ని 1982లో ప్రకటించారు. ఇది మన దేశంలో మొట్టమొదటి సముద్ర జాతీయ ఉద్యానం. ద్వారక వెళ్లే దారిలో వాడినార్ దగ్గరున్న నరారాలో ఒక విశేషం ఉంది. అక్కడ పగడాలను చూడడానికి పడవ ఎక్కనక్కర్లేదు, నీటిలో మునగనక్కర్లేదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే దిబ్బ మీద నడుస్తూ, గుంటల్లో నిలిచిన నీళ్లలో పీతలను, సముద్ర దోసకాయలనే మెత్తని జీవులను, అదృష్టం బాగుంటే ఆక్టోపస్‌ను కూడా చూడవచ్చు. అంటే ఆటు వేళకు అక్కడ ఉంటేనే ఆ ఉద్యానం, లేకపోతే అది ఒట్టి నీళ్లు.

మమ్మల్ని ఉదయం 9 గంటలకు హోటల్ నుంచి బయలుదేరదీశారు. నరారా చేరేసరికి నీళ్లు ఒడ్డు వైపు ఎగదన్నుతున్నాయి. "ఒక గంటలో తగ్గిపోతాయి సార్, ఈలోగా టీ తాగుదాం" అని గైడు ధీమాగా చెప్పాడు. గంట గడిచేసరికి అంతకుముందు మేము నిలబడిన రాళ్లు కూడా మునిగిపోయాయి. గేటు దగ్గరి అటవీశాఖ ఉద్యోగిని మా బావగారు అడిగితే, దిబ్బ తెల్లవారుజామునే బయటపడిందనీ, మళ్లీ సాయంత్రం చీకటి పడే వేళకు గానీ నీళ్లు తగ్గవనీ ఆయన చెప్పారు. మేము హోటల్లో ఇడ్లీ కోసం ఎదురుచూస్తున్న సమయంలో సముద్రం వెనక్కి వెళ్లి ఉందన్నమాట!

ఇక్కడే అసలు మోసం ఉంది. ఆ ట్రావెల్స్ వారి కరపత్రంలో ఏ తేదీకైనా బయలుదేరే సమయం 9 గంటలే. ఆటుపోట్లు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి కాబట్టి, ఒక రోజు సరిపోయిన వేళ వారం తిరిగేసరికి పూర్తిగా తలకిందులవుతుంది. సమయాన్ని ముందే అచ్చు వేసి అమ్మేవారికి ఆ ఉద్యానం గురించి ఏమీ తెలియదు, లేదా తెలిసీ పట్టదు. రెండోదే నిజమని నా అనుమానం. పైగా వేళ ఒక్కటి చూస్తే చాలదు. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో నీళ్లు బాగా లోపలికి తగ్గుతాయి, అష్టమి ప్రాంతాల్లో అంతగా తగ్గవు. తిథి కోసం ఇంట్లో గోడ క్యాలెండరు చూస్తే సరిపోతుంది. వేళ కోసం సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలున్నాయి. సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ కూడా ఈ సమాచారం ఇస్తుంది.

గైడు సంగతి ఇంకా ఘోరం. "లైసెన్సున్న నిపుణుడు" అని చెప్పి పంపిన ఆ వ్యక్తి డ్రైవరు బంధువని తర్వాత తెలిసింది. మా అసంతృప్తిని చల్లార్చడానికి కాబోలు, ఒడ్డున అడుగు లోతు నీళ్లలోంచి ఒక పఫర్ చేపను పట్టి పైకెత్తాడు. అది భయంతో బంతిలా ఉబ్బిపోయి, ముళ్లు లేచి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే, పిల్లల చేతికి ఇచ్చి ఫోటో తీసుకోమన్నాడు. అటవీశాఖ ఉద్యోగి దూరం నుంచే కేకలేయడంతో వదిలిపెట్టాడు. జాతీయ ఉద్యానంలో జీవులను పట్టుకోవడం, పగడపు ముక్కను జేబులో వేసుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, గైడు ఇచ్చాడన్నది సాకుగా చెల్లదు. గేటు దగ్గరే ఆ తీరం తెలిసిన స్థానిక గైడ్లు దొరుకుతారు కాబట్టి, ఇక్కడి నుంచి గైడుకు డబ్బు కట్టవలసిన అవసరమే లేదు.

కరపత్రంలో పిరోటన్ ద్వీపం కూడా ఉంది. ముందస్తు అనుమతులు లేకుండా అక్కడికి వెళ్లనివ్వరు, మా పేరున ఎవరూ దరఖాస్తే చేయలేదు.

తిరిగి వచ్చాక డబ్బు వాపసు అడిగితే, ప్రకృతి కారణాలకు తమ బాధ్యత లేదన్న షరతు చూపించారు. తుపాను వస్తే ఆ మాట ఒప్పుకోవచ్చు గానీ, నెలల ముందే పట్టికలో అచ్చయి ఉన్న ఆటుపోటును అనుకోని విపత్తు అనడం ఏ విధంగానూ కుదరదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసే వీలుంది కాబట్టి జామ్‌నగర్ దాకా తిరిగే పని లేదు. కరపత్రం, రసీదు, వాట్సాప్ సందేశాలు, తేదీ కనిపించే ఫోటోలు దాచుకోండి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు, మీ తేదీన నరారాలో ఆటు ఎన్ని గంటలకో, దానికి తగ్గట్టు హోటల్ నుంచి ఎప్పుడు బయలుదేరుతారో రాతపూర్వకంగా అడగండి. జవాబుగా మళ్లీ ఆ 9 గంటలే వస్తే, మిగతా సొమ్ము కట్టకుండా అక్కడితో ఆపేయండి.