నాలుగేళ్లు వాడాక: గులాబీ స్పిట్‌ఫైర్‌కి కొన్న పెయింట్

ఈ పీఆర్‌యూ (బ్రిటిష్ వాయుసేన ఫొటో నిఘా దళం) పింక్ అక్రిలిక్ పెయింట్ సీసాలు నాలుగేళ్లలో మూడు ఖాళీ చేశాను, 1/48 స్కేలు (అసలులో 48వ వంతు) స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం మోడళ్లు ఐదింటికి వేశాను. కొనండి, కానీ సీసాలో ఉన్నది ఉన్నట్టు మాత్రం కొట్టకండి.

రంగు మరీ ముదురు, అచ్చం పీచుమిఠాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన నిఘా స్పిట్‌ఫైర్లకు వేసింది దాదాపు తెలుపే, గులాబీ ఛాయ ఉండీ లేనట్టు ఉంటుంది. తెల్లవారుజామునో పొద్దుగూకే వేళో మబ్బులకు కాస్త కిందుగా ఎగురుతూ ఫొటోలు తీయడం వాటి పని. ఆ వేళ ఎండ ఏటవాలుగా, గాలిలో చాలా దూరం దాటి వస్తుంది కాబట్టి నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది, మబ్బు అడుగు గులాబీగా మారుతుంది. విమానం కూడా అదే రంగులో ఉంటే నేల మీది గన్నర్‌కి దాన్ని పట్టుకోవడం కష్టం. 30 వేల అడుగుల ఎత్తున తిరిగేవాటికి వేరే, నీలం వేసేవాళ్లు.

మొదటి మోడల్‌ని ట్యూబ్‌లైట్ కింద చూసి చాలా బాధపడ్డాను. తర్వాత మూడు వంతుల తెలుపుకి ఒక వంతు ఇది కలిపితే కుదిరింది. నవంబరులో ఒక రోజు పొద్దున్నే సత్యనారాయణపురంలో మా డాబా మీద మా అబ్బాయి అలా రంగు వేసిన మోడల్‌ని మబ్బుకేసి ఎత్తి పట్టుకుంటే, నేను పది అడుగుల దూరంలో నిలబడి చూశాను: రెక్క అంచు ఎక్కడ ఆగిందో, మబ్బు ఎక్కడ మొదలైందో తెలియలేదు, రౌండెల్ (వాయుసేన గుండ్రటి గుర్తు) ఒక్కటే గాల్లో వేలాడుతున్నట్టుంది! అదే మోడల్‌ని డాబా నేల మీద పెట్టి పైనుంచి చూస్తే ఠక్కున కనపడింది. అసలు విమానాల ఇబ్బంది కూడా అదే, పైన శత్రు విమానం ఉంటే ఈ రంగు పట్టిచ్చేస్తుంది.

మే నెలలో మన విజయవాడ ఎండలకి పెయింట్ ఎయిర్‌బ్రష్ సూది కొసనే గట్టిపడిపోతుంది. త్వరగా ఆరకుండా చేసే రిటార్డర్ నాలుగు చుక్కలు వేసి, పొద్దున ఏడు లోపే పని ముగించేస్తాను. వానాకాలంలో కంప్రెసర్‌కి గాలిలో తేమని పట్టే మాయిశ్చర్ ట్రాప్ లేకపోతే నీటి మచ్చలు ఖాయం. రెండో సీసా మూత వదులై సగం కారిపోయి వచ్చింది, అమ్మినవాళ్లు పట్టించుకోలేదు. మ్యాట్ వార్నిష్ వేయకపోతే వేలిముద్రలు పడతాయి. అద్దాల బీరువాలో పెట్టిన మొదటి మోడల్ మాత్రం నాలుగేళ్లయినా పసుపెక్కలేదు, అందుకే నాలుగో సీసా కూడా ఇదే తెప్పిస్తున్నాను.