తేలికపాటి ఫారిన్ రైఫిలా, .315 రైఫిలా, డబుల్ బ్యారెలా: పంట కాపలాకు ఏది మేలు?

అడవి పందుల నుంచి పంట కాపలాకు తుపాకీ లైసెన్సు చేతికొచ్చినవాళ్లు నన్ను అడిగే మాట ఒకటే. "అన్నా, డబుల్ బ్యారెల్ పాతకాలంది కదా, రైఫిల్ తీసుకుంటే పోలా?" అమెరికా నుంచి ఊరికి తిరిగొచ్చే పిల్లకాయలు ఇంకో మాట అడుగుతున్నారు. "మామా, అక్కడ రెండున్నర కిలోలు కూడా లేని రైఫిళ్లు దొరుకుతున్నాయి. వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకుంటే మన చీనీ (బత్తాయి) తోటకు పనికొస్తుందా?" మా నాన్న పేరు మీదున్న లైసెన్సు నా పేరుకు మార్పించుకున్నప్పుడు నేనూ ఇదే ఆలోచనలో పడ్డాను. అందుకే నాకు తెలిసింది వివరంగా చెబుతా.

ముందు ఆ ఖరీదైన తేలిక రైఫిల్ సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కింబర్ మౌంటెన్ అసెంట్, వెదర్‌బీ బ్యాక్‌కంట్రీ టైటానియం లాంటివి ఫ్యాక్టరీ నుంచే రెండుంబావు కిలోలకు అటూ ఇటూగా వస్తాయి. కార్బన్ ఫైబర్ కలిపిన బట్టు (భుజానికి ఆనించే భాగం), పనికిరాని ఇనుమంతా చెక్కేసిన బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీ), పలచటి గొట్టం. ధర రెండు వేల డాలర్లు దాటి పైకి పోతుంది. రాకీ పర్వతాల్లో వీపున మూట కట్టుకుని పొద్దస్తమానం ఎక్కి దిగే వేటగాడికి తగ్గిన ప్రతి వంద గ్రాములూ సాయంత్రానికి తెలుస్తాయి. అక్కడ ఆ డబ్బుకు అర్థముంది. అంత కొండలు ఎక్కని వాళ్లకు అక్కడే టిక్కా టీ3ఎక్స్ లైట్ లాంటి 2.9 కిలోల రైఫిల్ సగం కంటే తక్కువ ధరకు వస్తుంది, గురిలో దేనికీ తీసిపోదు. (హెచ్-1బీ వీసా మీద ఉన్న పిల్లలకు ఒక మాట: అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదీ లేకుండా మీరు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. రైఫిల్ బేరం కంటే ముందు ఆ కాగితం.)

మన పని వేరు. మనం కొండలెక్కం, మంచె మీదో మోటారు షెడ్డు దగ్గరో కూర్చుంటాం. ఒళ్లో ఉండే తుపాకీ ఒక కిలో తగ్గితే మనకు ఒరిగేదేమీ లేదు. పైగా నష్టమే. అదే తూటాను బరువు మూడో వంతు తగ్గిన రైఫిల్‌లో పెట్టి కాలిస్తే భుజాన్ని తన్నే శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. రోజూ కాల్చే అలవాటున్నవాడు దాన్ని ఓర్చుకుంటాడు. ఏడాదికి పట్టుమని పది తూటాలు కాల్చని రైతు ఒకసారి ఆ తన్ను తిన్నాడంటే, రెండోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటాడు, గొట్టం పక్కకు పోతుంది. చీకట్లో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

సరే, అయినా తేవాలనే అనుకుందాం. మామూలు లైసెన్సుదారుకు కొత్త తుపాకీ బయటి దేశం నుంచి తెప్పించుకునే దారి లేదు. విదేశంలో స్థిరంగా ఉండి, కాపురం మార్చుకుని వచ్చేవాళ్లకు ఒక తుపాకీ తెచ్చుకునే వెసులుబాటు ఉంది గానీ, అది కనీసం ఏడాది పాటు అక్కడ వాళ్ల దగ్గర వాడకంలో ఉండాలి, సుంకం కట్టాలి, తెచ్చాక అమ్ముకోవడానికి వీల్లేదు. .303, 7.62 లాంటి సైన్యం బోర్లు (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, తూటా కొలత) మనకు నిషిద్ధం. అమెరికాలో చాలామంది కొనే .308 ఆ 7.62కు తోబుట్టువే కాబట్టి, బోర్ ఏదనేది విమానం ఎక్కకముందే కలెక్టరేట్‌లో కనుక్కోవాలి. ఇన్నీ దాటుకుని తెచ్చినా, ఆ బోర్ తూటా కడపలో ఏ దుకాణంలో దొరుకుతుంది? పాత ఇంగ్లిష్, జర్మన్ రైఫిళ్లు సెకండ్ హ్యాండ్‌లో లక్షలు పోసి కొన్నవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది కూడా ఇదే.

ఈ విషయంలో .315 బోర్ రైఫిల్ మేలు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది, పాత పోలీసు .303 లాంటి బోల్టు. మూడు కిలోలు దాటిన బరువు, దిట్టమైన గొట్టం. తూటా మన దేశంలోనే తయారవుతుంది, డీలర్ల దగ్గర దొరుకుతుంది. రైఫిలే కావాలని పట్టుబట్టేవాళ్లకు నేను ఇదే చెబుతా, ఫారిన్ రైఫిల్ పేరెత్తను.

కానీ చేని కాపలాకు నేను రైఫిల్ తీసుకోను. దానికి ఒకే ఒక్క కారణం ఉంది, మిగతావన్నీ దాని తర్వాతే. అందరూ తుపాకీ బరువెంత, ధరెంత, ఎంత దూరం కొడుతుంది అని చూస్తారు. గుండు ఎక్కడ ఆగుతుందో చూడరు.

ఉరవకొండ, కణేకల్లు వైపు చేన్లు చూసినవాళ్లకు తెలుసు. కనుచూపు మేర గుట్ట అడ్డం ఉండదు. శెనక్కాయ ఊరే నెలల్లో రాత్రి పదకొండు దాటాక చేన్లో కాయ నమిలే పటపట శబ్దం వినిపిస్తుంది. టార్చి వేస్తే ఏదో ఆకారం కదులుతుంది. ఆ ఆకారం వెనక ఏముంది? నల్లటి చీకటి. ఆ చీకట్లో నీలాగే ఇంకొకడు తన చేన్లో కాపలా ఉన్నాడు. టార్చి వేసుకుని తిరుగుతుంటే సరే, కనపడతాడు. బీడీ ఆర్పేసి నులక మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకునుంటే? నీళ్లు వదలడానికి కరెంటు కోసం కాచుకున్నవాడు స్టార్టర్ డబ్బా దగ్గర వంగి ఉంటే? ఇంకా అవతల గొర్రెల మంద, కాపరి, పిల్లలు. రైఫిల్ గుండు గురి తప్పితే రెండు మూడు కిలోమీటర్లు పోగలదు. మన గరుకు నేలలో రాయికి తగిలితే ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి పందిలోంచి దూసుకుని అవతలికీ పోతుంది. పంట పోతే వచ్చే ఏడాది చూసుకుందాం, మనిషి పోతే ఎవరం తెచ్చిస్తాం?

ఒక్క గుండు కాకుండా గుళ్లు చిమ్మే 12 బోర్ డబుల్ బ్యారెల్‌లో ఈ భయం లేదని అనను, తగ్గుతుందని అంటాను. 6వ నంబరు లాంటి చిన్న గుళ్లు రెండు మూడు వందల మీటర్లలో పడిపోతాయి. ఎస్‌జీ లాంటి పెద్ద గుళ్లు ఆరేడు వందల మీటర్ల దాకా పోగలవు, కానీ పందిని పడగొట్టే బలం వాటికి ముప్పై ముప్పై ఐదు మీటర్ల లోపే. దీన్ని లోపమంటారు కొందరు. నాకు అదే గుణంగా కనిపిస్తుంది. దగ్గరికి వచ్చేదాకా ఆగాల్సి వస్తుంది, ఆగితే అది పందో, పక్కింటి దూడో, మనిషో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. కాపలా తుపాకీ పని నూటికి తొంభై పాళ్లు చప్పుడు చేయడమే. రైఫిల్‌ను ఆకాశంలోకి పేలిస్తే ఆ గుండు ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. చిన్న గుళ్ల తూటా అయితే చప్పుడు పెద్దది, కిందపడే గుళ్లకు బలం ఉండదు. డబుల్ బ్యారెల్‌లో ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనక ట్రిగ్గర్ ఎడమది. కుడిలో చిన్న గుళ్లు, ఎడమలో పెద్దవి పెట్టుకుంటే బెదిరించడానికి ఒకటి, గత్యంతరం లేనప్పుడు ఒకటి. ఏ ఖరీదైన రైఫిల్‌కూ ఈ సౌకర్యం లేదు.

చట్టం కూడా మొగ్గేది ఇటే. ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు మందు కూరే తుపాకీని చెప్పారు, అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నున్నటి గొట్టం తుపాకీ (మన డబుల్ బ్యారెల్ లాంటిది) ఇవ్వొచ్చన్నారు. రైఫిల్ మాట అక్కడ లేదు. రైఫిల్ కావాలంటే కారణం వేరే చూపించుకోవాలి. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకీలే కాబట్టి, ఒక దాన్ని ముచ్చటకు కొని పెట్టుకోవడం కూడా దండగ.

లైసెన్సు ఉంది కదా అని పందిని కాల్చేయొచ్చనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. పంట నాశనం చేస్తోందని 11వ సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే కాల్చాలి, పడిన పంది ప్రభుత్వ ఆస్తి. ఆలూరు వైపు, రోళ్లపాడు చుట్టుపక్కల పైర్లు మేసే కృష్ణజింక మొదటి షెడ్యూల్‌ది, దాని మీదికి గొట్టం తిప్పే ఆలోచనే వద్దు. రోళ్లపాడు, లంకమల లాంటి అభయారణ్యాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లు తుపాకీని అటవీ శాఖ దగ్గర నమోదు చేయించాలి, కొత్త లైసెన్సుకైతే వాళ్ల సమ్మతి ముందే ఉండాలి. బద్వేలు, సిద్ధవటం వైపు రైతులు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మిగిలినవి రెండు ముక్కల్లో. సింగిల్ బ్యారెల్ చవక, డబ్బు ఇబ్బంది ఉంటే తప్పు లేదు. మందు కూరే తుపాకీ వానకు తడిస్తే పేలదు. .22 రైఫిల్ పందిని గాయపరుస్తుంది, చంపదు. లైసెన్సు అక్కర్లేని .177 ఎయిర్ గన్ ఈ పనికి తుపాకీయే కాదు. నాటు తుపాకీ, కరెంటు తీగ జైలుకు దారి, కరెంటు తీగకు మనుషులే పోతున్నారు.

డబుల్ బ్యారెల్ పాతది కొనేటప్పుడు తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, తెరిచి, గొట్టాలను ఆకాశం వైపు పెట్టి లోపలికి చూడండి. వెలుగు గుండ్రటి వలయాలుగా కనిపించాలి, ఎక్కడైనా వలయం వంకరపోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. మూసి, గొట్టాల కింద ఉండే ముందు కర్ర తీసేసి, గొట్టాలు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కీలు దగ్గర కదిలితే వదిలేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే.

మన జిల్లాల్లో ఇంకో ఖర్చుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే తుపాకీలు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి. వారాల తరబడి అక్కడే ఉంటాయి. లక్షల రైఫిల్‌ను, దాని మీద బిగించిన టెలిస్కోపును అలా అప్పగించి రావడానికి మనసు ఒప్పుకోదు. ఇషాపూర్‌దైనా, డబుల్ బ్యారెలైనా గొట్టం లోపల పలచగా నూనె పట్టించి, పాత నూలు గుడ్డ చుట్టి ఇచ్చి రావొచ్చు. రసీదు మీద తుపాకీ నంబరు, అప్పటికి ఉన్న గీతలు, మచ్చలు రాయించుకోండి, తిరిగి తీసుకున్న రోజే గొట్టాలు విప్పి తుడవండి.